ఏడో నెల గాజులు

దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఇంటికి విచారణకు వెళ్లే ముందు ఫోన్ చేసి చెప్పాలి. అది పద్ధతి. చెప్పామో లేదో ఇంటికి సున్నాలు పడతాయి, కొత్త కర్టెన్లు వస్తాయి. పొదిలిలో ఒక ఇంటికి వెళితే హాల్లో పెద్ద ఫ్రిజ్ ఉంది. ఇంటాయన దాని తలుపు తీసి మరీ చూపించాడు. నేను ఇంకా కూర్చునే ఉన్నాను, పక్కింటావిడ విసురుగా లోపలికి వచ్చి, "అమ్మాయ్, ఫ్రిజ్ అంటే ఇచ్చినా గాని, దాన్లో ఉండే నా పచ్చడి గిన్నె నాకియ్యి, అన్నానికి కూర్చున్నారు" అని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. భార్యాభర్తలు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. "మాది కాదు మేడమ్, మీకోసం తెచ్చి పెట్టినాం" అని ఒప్పేసుకున్నారు.

వాళ్లకు నేను మంచి రిపోర్టు రాశాను. ఫ్రిజ్ లేకపోతే బిడ్డ పెరగదా? దొరికిపోయిన వెంటనే నవ్వి నిజం చెప్పేశారు, నాకు కావాల్సింది అదే.

మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, పామూరు. నా ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కలే గడిచింది. నా పదవికి ప్రభుత్వం పెట్టిన పేరు చాలా పొడుగు. జనం మాత్రం "పిల్లల్ని ఇచ్చే మేడమ్" అనేవాళ్లు. నిజానికి పిల్లల్ని ఇచ్చేది నేను కాదు. పిల్లలు లేనివాళ్లు కంప్యూటర్లో దరఖాస్తు పెడతారు, కాగితాలు ఎక్కిస్తారు. అప్పుడు నేను వాళ్ల ఇంటికి వెళ్లి, మనుషుల్ని చూసి, ఈ ఇంటికి బిడ్డను ఇవ్వవచ్చు అనో, వద్దు అనో రాస్తాను. తర్వాత వాళ్లు వరుసలో నిలబడి ఎదురుచూడాలి. వాళ్ల వంతు వచ్చాక శిశుగృహంలో ఉన్న ఒక బిడ్డ ఫొటో వస్తుంది. మిగతావన్నీ దాని తర్వాతే. అంటే గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసేదాన్ని నేను. ఆ పని బాగా చేశాను. లేనిపోని అణకువ నాకు చేతకాదు.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చి, "ఏమేం చూడాలి మేడమ్?" అని అడిగింది. చేతిలో వరుస నంబర్లు వేసుకున్న ప్రశ్నలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టమని, కొన్ని సంగతులు చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఎందుకంటే వాళ్లంతా ఇప్పుడు తల్లులూ తండ్రులూ, వాళ్ల పనులు వాళ్లకున్నాయి.

మంచినీళ్లు మాత్రమే

మా మొదటి ఆఫీసరు కర్నూలు వైపు మనిషి. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. మాటలు తక్కువ, వక్కాకు ఎక్కువ. అందరం పెద్దాయన అనేవాళ్లం. మొదటి రోజే నాకు ఒక మాట చెప్పాడు: "ఎవరింట్లోనూ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టుకోవద్దు."

మా ప్రాంతంలో అదెంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ఇక్కడ ఆఫీసుకు వచ్చినప్పుడు మేడమ్ అంటారు, మనం వాళ్ల గడప దాటేసరికి అక్కా అంటారు, కుర్చీలో కూర్చునేసరికి వదినను అయిపోతాను. వదినకు కాఫీ ఇవ్వకుండా పంపుతారా? వద్దంటే ముఖం చిన్నబోతుంది. నేను అదే చెప్పి, "కాఫీకి ఏమవుతుంది సార్?" అన్నాను.

"కాఫీ తాగిన నోటితో కాదని చెప్పలేవమ్మా" అన్నాడాయన.

అప్పటినుంచి ఎవరడిగినా నాకు షుగర్ ఉందని చెప్పేదాన్ని. నాకు షుగర్ లేదు. ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం అదొక్కటే. అరటిపళ్లు, మామిడికాయలు, జాకెట్ గుడ్డలు, అన్నీ గడప అవతలే ఉండిపోయాయి. ఒక్కసారి మాత్రం ఆ నియమం తప్పాను. ఎందుకు తప్పానో తర్వాత చెప్తాను.

పెద్దాయన నేర్పిన రెండో సంగతి ఇంకా గొప్పది. పొదిలి అవతల ఒక పల్లెలో పెద్ద రైతు ఇంటికి ఇద్దరం కలిసి వెళ్లాం. తండ్రి, కొడుకు, మేనమామ అందరూ మాట్లాడారు. పొలం గురించి చెప్పారు, బోరు గురించి చెప్పారు, పిల్లవాడిని ఏ స్కూల్లో వేస్తారో కూడా చెప్పారు. అన్నీ బాగున్నాయి. నేను రాసుకుంటూనే ఉన్నాను. పెద్దాయన నా చేతిలో పెన్ను ఆపి, "ఇంట్లో మాట్లాడనిది ఎవరు?" అని మెల్లగా అడిగాడు. తలెత్తి చూస్తే కోడలు తలుపు పక్కన నిలబడి ఉంది. నన్ను ఆమెతో పెరట్లోకి పంపాడు.

పెరట్లో ఆమె నాతో, "నాకు బిడ్డ కావాలని ఎవురన్నారక్కా? వాళ్లకు పొలానికి మగపిల్లోడు కావాల. వాడొస్తే వానికి నీళ్లు పోసేది నేను. అంతే" అంది.

ఆ దరఖాస్తు అక్కడితో ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లు మా మీద పైకి ఫిర్యాదు కూడా పెట్టారు. పెద్దాయన వక్కాకు నములుతూ, "మనకు పని ఇచ్చింది శిశుగృహంలో ఉయ్యాల్లో ఉన్న బిడ్డ. వీళ్లు కాదు. ఆ బిడ్డకు కోపం రాకుండా చూసుకో, చాలు" అన్నాడు. అందుకే కొత్తగా చేరినవాళ్లకు చెప్తాను: మీరు ఇంటికి వెళ్లినప్పుడు గోడలు చూడకండి, గదులు కొలవకండి. మాట్లాడని మనిషి ఎవరో చూడండి.

వాళ్లు అడిగే ప్రశ్నలు

విచారణలో ప్రశ్నలు అడిగేది మనమే అనుకుంటాం. మన ప్రశ్నలకు అందరూ ముందే జవాబులు వల్లెవేసుకుని ఉంటారు. వాళ్లు మనల్ని ఏమడుగుతారో వినండి. అసలు మనిషి అక్కడ కనిపిస్తాడు.

పామూరు దగ్గర ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు: "మేడమ్, వచ్చే బిడ్డది ఏ కులమో ముందే తెలుస్తాదా?"

"మీ ఇంటికి వచ్చిన రోజు నుంచి మీ కులమే" అన్నాను.

"అదిగాదు, అంతకు ముందు?"

"అంతకు ముందు దానికి ఆకలి ఒక్కటే తెలుసు."

ఆయన తల గోక్కుని, ఆలోచించుకుని చెప్తానని లేచాడు. మళ్లీ రాలేదు. రాకపోవడమే మంచిదైంది. అలాంటి వాళ్లను ఒప్పించాలని కూర్చోకండి. ఒప్పుకున్నట్టు తల ఊపి, బిడ్డ వచ్చాక రంగు చూసి మూతి ముడుచుకునేవాళ్లు ఇంకా ప్రమాదం.

కొందరు, "ఎవరో ఒకామె ఆస్పత్రి నుంచి నేరుగా బిడ్డను ఇప్పిస్తానంటోంది, ఈ వరుసలో ఎందుకు నిలబడాలి?" అని అడుగుతారు. ఈ మాట విన్నప్పుడు మెత్తగా ఉండొద్దు. అది బిడ్డను అమ్మడం, కొనడం. జైలుకు పోయే పని అని ముఖం మీదే చెప్పాలి. నేను అలాగే చెప్పేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువగా విన్న ప్రశ్న ఇది: "ఎవరికీ తెలియకుండా జరుగుతుందా?" ఊరికి తెలియకూడదు, బంధువులకు తెలియకూడదు, బిడ్డకు అసలే తెలియకూడదు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. తెలుస్తుంది. మీరు చెప్పకపోతే పెళ్లిలో వడ్డిస్తూ ఎవరో చెప్తారు, ఆస్తి తగాదాలో ఎవరో అరుస్తారు. బిడ్డకు ఊహ తెలిసినప్పటినుంచీ మీ నోటితో మీరే చెప్పాలి. ఇది నేను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను. కానీ ఆ మాట ఎంత బరువుగా ఉంటుందో గిద్దలూరులో మాధవిని చూశాకే నాకు పూర్తిగా తెలిసింది.

పాత్రల దుకాణం వెనక ఇల్లు

గిద్దలూరు బజారులో ఒక స్టీలు పాత్రల దుకాణం. వెనక ఇల్లు. దుకాణం నడిపేది రమేష్, అతని భార్య మాధవి, తల్లి సుబ్బరత్నమ్మ. ఊళ్లో పెళ్లికైనా బారసాలకైనా గిన్నెలు అక్కడే కొంటారు. గిన్నె మీద పేరు కొట్టే మిషను పొద్దున నుంచి సాయంత్రం దాకా జుయ్యిమంటూనే ఉంటుంది.

నేను సందులో నుంచి ఇంటి వైపు వెళుతుంటే ఎదురింటి అరుగు మీద పెద్దావిడ ఆపింది. పేరు వీరమ్మ. నన్ను ఎగాదిగా చూసి, "అంగన్‌వాడీ నుంచా అమ్మా? గుడ్లు తెచ్చినావా?" అని అడిగింది.

"ఎవరికి గుడ్లు?" అన్నాను.

"ఎవురికేంది, మా మాధవికి. ఏడో నెల గదా. మొన్ననే సీమంతం చేసినాం. మొదటి గాజు నేనే వేసినా."

నేను సందులోనే నిలబడిపోయాను. కడుపుతో ఉన్న మనిషి దత్తతకు దరఖాస్తు ఎందుకు పెట్టింది? పెట్టాక కడుపు వచ్చి ఉంటుంది, చెప్పడం మరిచిపోయి ఉంటారు, మంచిదే కదా అనుకున్నాను. దీవించి, దరఖాస్తు మూసేసి, మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోవచ్చు.

లోపల రమేష్ కుర్చీ వేశాడు. సుబ్బరత్నమ్మ ఎదురుగా కూర్చుంది. మాధవి మంచినీళ్లు తెచ్చింది. రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ, ఎరుపు గాజులు. మా వైపు సీమంతంలో ముత్తయిదువలు వేసిన గాజులు కాన్పు దాకా తీయరు. కాన్పయ్యాక అవి మంత్రసానికి ఇస్తారు. ఇప్పుడు మంత్రసానులు ఎక్కడున్నారు, ఆస్పత్రిలో నర్సుకో ఆయాకో ఇస్తున్నారు. పైట నిండుగా కప్పుకున్న ఆ పిల్లను చూసి నాకు ముచ్చటేసింది. అంతలో చెంబు మీది మూత జారి మంచం కిందికి దొర్లింది. మాధవి చటుక్కున నడుము వంచి, మంచం కిందికి చేయి పెట్టి తీసి, లేచి నిలబడింది.

ఏడో నెల మనిషి అలా వంగదు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ మాత్రం తెలుసు.

"సుబ్బరత్నమ్మగారూ, మీ కోడలికి ఎన్నో నెల?" అని అడిగాను.

ఆవిడ లేచి వీధి తలుపు మూసి వచ్చింది. "దరఖాస్తు పెట్టి ఏడో నెల మేడమ్" అంది.

సంగతి ఇదీ. దరఖాస్తు పెట్టిన రోజే సుబ్బరత్నమ్మ వీధిలో కోడలు నెల తప్పిందని చెప్పేసింది. కాగితాలు కూడేసరికి నెలలు గడిచాయి. పెళ్లి రిజిస్ట్రేషన్ ఎప్పుడూ చేయించుకోలేదు, దానికే చాలా తిరిగారు. ఈలోగా ఏడో నెల వచ్చింది, ముహూర్తం పెట్టించి సీమంతం చేసేసింది. ఆవిడ లెక్క ఆవిడకుంది.

"నెట్ సెంటర్ అబ్బయ్య చెప్పినాడు మేడమ్, ఇంటికి విచారణకొచ్చినారంటే పని అయిపోయినట్టే అని. ఇంక రెండు నెలలు గదా. రేపు కోడల్ని కాన్పుకని పుట్టింటికి పంపుతాం. మీరు బిడ్డను ఆడికే ఇయ్యండి. మూడో నెల్లో బిడ్డను ఎత్తుకొని వస్తాది. ఎవురికీ అనుమానం రాదు" అని చెప్పి, లెక్క సరిపోయిందా అన్నట్టు నా వైపు చూసింది.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "అమ్మా, వరుసలో మీకన్నా ముందు చాలామంది ఉన్నారు. రెండు నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. పొత్తిళ్లలో బిడ్డే వస్తుందని కూడా లేదు. ఏడాదిన్నర పిల్ల వస్తే ఏం చెప్తారు? పళ్లతో పుట్టిందంటారా?"

రమేష్ తల పట్టుకున్నాడు. "అమ్మా, నేను చెప్తానే ఉండా గదా" అన్నాడు.

"ఏం చెప్తివిరా? నువ్వు దుకాణంలో గిన్నెలు లెక్కపెట్టుకుంటా కూర్చుంటావు" అని ఆవిడ కొడుకు మీద విరుచుకుపడి, నా వైపు తిరిగింది. ఈసారి గొంతు మారింది. "మీకేం తెలుసు మేడమ్. ఊళ్లో బారసాలలన్నిటికీ గిన్నెల మీద పేర్లు మేమే కొడతాం. వచ్చిన ప్రతి మనిషీ గిన్నె చేతికి తీసుకొని, మీ ఇంట్లో ఎప్పుడు అని అడగడమే. ఈ పిల్ల గల్లా కాడ కూర్చునేదే మానేసింది. దాని ముఖం చూడలేకనే నేనిది చేసినా."

ఆ మాట అబద్ధం కాదని నాకు తెలిసింది. అందుకే కోపం కాస్త తగ్గింది.

లేని బిడ్డ

"ఒకామె ఉంది మేడమ్, ఆమెకు నర్సింగ్‌హోంలలో అందరూ తెలుసంట..." అని సుబ్బరత్నమ్మ మెల్లగా మొదలుపెట్టింది.

"ఆ మాట నేను వినలేదు. రెండోసారి వింటే పోలీసులతో వస్తాను" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఒకటే దారి. పోయిందని చెప్తాం. ఏడో నెల్లో పోయేటియి పోతానే ఉంటాయి. నాలుగు దినాలు ఏడుస్తారు, మరిచిపోతారు. తర్వాత నింపాదిగా బిడ్డ వచ్చినప్పుడు వస్తాది" అంది.

రమేష్ అదే మంచిదేమో అన్నట్టు నా వైపు చూశాడు. అప్పుడు నాకు పెద్దాయన గుర్తొచ్చాడు. నేను వచ్చి ఇంతసేపైంది, మాధవి ఒక్క మాట మాట్లాడలేదు.

"నువ్వేమంటావమ్మా?" అని ఆమెను అడిగాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను కాదు, అత్తను చూసింది. "పోయిందని చెప్పబాక అత్తా" అంది. "నాకు నిజంగానే రెండు పోయినాయి. రెండుసార్లూ వీధి వీధంతా వచ్చి నన్ను చూసి పోయినారు. ఏం తినింటివి, ఏం ఎత్తింటివి అని నన్నే అడిగినారు. ఇప్పుడు లేని బిడ్డను గూడా నేనే పోగొట్టుకోవాల్నా?"

ముందు దుకాణంలో పేర్లు కొట్టే మిషను జుయ్యిమంటోంది. సుబ్బరత్నమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగంలో ఏడవకూడదని నియమం ఏమీ లేదు గాని, నేను ఏడవలేదు. చెంబులో నీళ్లు మొత్తం తాగి, చెప్పాల్సింది చెప్పాను.

"ఈ రోజు నేను ఏమీ రాయను. ఈ అబద్ధం ఇలాగే ఉంటే బిడ్డను ఇవ్వొద్దని రాయాల్సి వస్తుంది. మీరు చెడ్డవాళ్లని కాదు. రేపు ఆ బిడ్డ పెద్దదై, నేను ఎక్కడినుంచి వచ్చాను అని అడిగితే, ఇప్పుడు మీరు తలుపు మూసినట్టే అప్పుడూ మూస్తారు. అలాంటి ఇంటికి నేను బిడ్డను పంపలేను. మీరు ఎవరికి అబద్ధం చెప్పారో వాళ్లకే నిజం చెప్పండి. చెప్పాక ఫోన్ చేయండి, మళ్లీ వస్తాను."

"మా పరువు ఏం కావాల మేడమ్?" అన్నాడు రమేష్.

"అది మీరు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. బిడ్డా, పరువా అన్నది నేను చెప్పేది కాదు" అన్నాను. కటువుగానే అన్నాను. ఈ ఉద్యోగంలో ఒక్కోసారి కటువుగా ఉండటమే సాయం.

మాధవి పేరంటం

కొన్నాళ్లకు మాధవి తనే ఫోన్ చేసింది. "శుక్రవారం రండి మేడమ్. గాజులు వేసిన వాళ్లందరినీ పేరంటానికి పిలిచినా."

వెళ్లాను. హాలు నిండా ఆడవాళ్లు. సుబ్బరత్నమ్మ మాత్రం వంటగది తలుపు వెనక నిలబడింది, ఎంత పిలిచినా బయటికి రాలేదు. మాధవి వచ్చి మధ్యలో కూర్చుంది. పైట మామూలుగా వేసుకుంది. ఆమె నడుము చూసి ఒకరిద్దరు నోళ్లు తెరిచారు. ఎవరూ ఏమీ అనకముందే ఆమె మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, పిన్నమ్మా, అందరూ వినండి. నాకు కడుపు లేదు. మేము అబద్ధం చెప్పినాం. బిడ్డ కోసం గవర్నమెంటుకు అర్జీ పెట్టుకున్నాం. వాళ్లు ఇచ్చినప్పుడు వస్తాది. ఎవురి కడుపున పుట్టిందో నాకు తెలీదు, కానీ వచ్చినాక అది నా బిడ్డే. మీరు వేసిన గాజులు మీరే తీసేయండి."

చెప్పి, రెండు చేతులూ వీరమ్మ ముందు చాపింది. గాజులు గలగలమన్నాయి.

ఒకావిడ లేచి నిలబడి, "మా చేత దొంగ సీమంతం చేయిస్తారా? పసుపు కుంకాలతో ఆటలా?" అని విసవిసా వెళ్లిపోయింది. ఆవిడ వెనకే ఇంకొకరు వెళ్లారు. మిగిలినవాళ్లు వీరమ్మ వైపు చూశారు. ఆవిడ ఏమంటే వీధిలో అదే మాట.

వీరమ్మ మాధవి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. ఒక గాజును వేలితో అటూ ఇటూ తిప్పింది.

"బిడ్డ వస్తాదంటివి గదా?" అంది చివరికి.

"వస్తాది పెద్దమ్మా. ఎప్పుడో తెలీదు."

"కడుపులో ఉండే బిడ్డ మాత్రం డాక్టరు చెప్పిన దినాన్నే వస్తాదా ఏంది? వచ్చేదాకా గాజులు తీసేది లేదు. ఉంచుకో. పగిలితే నేను మళ్లీ వేస్తా" అంది వీరమ్మ. తర్వాత వంటగది వైపు తిరిగి, "ఏం సుబ్బరత్నమ్మా, ఇంతమందిని పిలిచి వక్కాకు గూడా ఇయ్యవా? బయటికి రా" అని గట్టిగా కేకేసింది.

సుబ్బరత్నమ్మ పళ్లెంతో బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎవరి ముఖమూ చూడకుండా అందరికీ వక్కాకు పంచింది. నా దగ్గరకు వచ్చి ఆగితే, నాకు వద్దని తల ఊపాను. ఆ రోజు కూడా నేను తాగింది మంచినీళ్లే.

జరిగిందంతా రిపోర్టులో రాసి, చివర బిడ్డను ఇవ్వవచ్చని రాశాను. అప్పటికి పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీలో ఒక యువ ఆఫీసరు ఉన్నాడు, చదువుకున్నవాడు, మంచివాడే. రిపోర్టు చదివి, "ఏంటండీ ఇది, ఊరంతటినీ మోసం చేసినవాళ్లకు సిఫార్సా?" అన్నాడు.

"సార్, బిడ్డ రాకముందే వీధినంతా కూర్చోబెట్టి నిజం చెప్పిన ఇల్లు ఇంకొకటి ఉంటే చూపించండి, దాన్ని ముందు పెట్టి దీన్ని వెనక పెడదాం" అన్నాను. ఆయన ఇంకోసారి చదివాడు. సంతకం పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదే చెప్తాను. తప్పు చేయని ఇంటి కోసం వెతకొద్దు, దొరకదు. తప్పు తెలిసినప్పుడు ఆ ఇల్లు ఏం చేస్తుందో చూడండి.

నెలలు కాదు, ఏళ్లు

తర్వాత ఎదురుచూపు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే, మనం ఏమీ చేయలేం. మాధవి అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. "మా నంబరు ఎంత దూరం వచ్చింది మేడమ్?" అని అడిగేది. చూసి చెప్పేదాన్ని. కొన్నిసార్లు నంబరు జరిగేది కాదు. అప్పుడు ఆమె, "సరే మేడమ్, ఉంటాను" అనేది. ఆ ఫోన్ పెట్టేశాక నాకు ఏ పనీ తోచేది కాదు.

ఏదో పని మీద గిద్దలూరు వెళితే దుకాణం ముందునుంచి నడిచేదాన్ని. మాధవి మళ్లీ గల్లా దగ్గర కూర్చుంటోంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. గిన్నెలు తోమేటప్పుడు ఒకటి, దుకాణం షట్టరు వేసేటప్పుడు ఒకటి పగిలిపోతూ ఉండేవి. పగిలినప్పుడల్లా వీరమ్మ వచ్చి ఇంకొకటి వేసేది. కొన్నాళ్లకు వేరే ఆడవాళ్లూ వేయడం మొదలుపెట్టారు. పేరంటంలో విసవిసా లేచిపోయిన ఆవిడ కూడా ఒక రోజు దుకాణానికి వచ్చి, మాట్లాడకుండా ఒక పసుపు రంగు గాజు వేసి పోయిందట. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు, ఏ రంగుకూ ఇంకో రంగుతో పొంతన లేదు.

సుబ్బరత్నమ్మ సిగ్గు కూడా మెల్లగా పోయింది. దుకాణంలో ఎవరైనా, "మీ ఇంట్లో ఎప్పుడు?" అని అడిగితే ఆవిడే జవాబు చెప్పేది: "మా కోడలికి నెలలు గాదు నాయనా, ఏండ్లు నిండుతాన్నాయి."

నేను రిటైరయ్యే ముందు సంవత్సరం వాళ్ల వంతు వచ్చింది. ఆడపిల్ల ఫొటో. శిశుగృహంలో పెట్టిన పేరు జ్యోతి. మాధవి ఫోన్‌లో ఏడుస్తోంది. రమేష్ ఫోన్ తీసుకుని, "మేడమ్, పేరు మార్చం. అదే ఉంచుతాం" అని మాత్రం చెప్పాడు.

మంత్రసాని

బిడ్డ ఇంటికి వచ్చాక ఎలా ఉందో చూడటానికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఎదురింటి అరుగు మీద వీరమ్మ నన్ను చూసి, "ఇప్పుడన్నా గుడ్లు తెచ్చినావా?" అంది. లేదని నవ్వాను. "ఇంట్లో ఉండాయిలే, పో" అంది.

లోపల జ్యోతి నట్టింట్లో కూర్చుని స్టీలు గిన్నెను గరిటెతో వాయిస్తోంది. ఏడాదిన్నర ఉంటుంది. బక్కపలచగా ఉంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నన్ను చూసి గరిటె దాచుకుంది. సుబ్బరత్నమ్మ పరుగున వచ్చి తన ముంజేయి నా ముఖం ముందు పెట్టింది. దాని మీద చిన్న చిన్న పంటి గాట్లు.

"చూడు వదినా! వచ్చిన దినమే నన్ను కరిచింది. నువ్వన్నట్టే పళ్లతోనే వచ్చింది!" అంది. అందరికీ అదే చూపిస్తోందని రమేష్ నవ్వాడు. ఏడాదిన్నర పిల్ల కొత్త ఇంట్లో కరుస్తుంది, రాత్రిళ్లు ఏడుస్తుంది, ఎవరినీ నమ్మదు. నేను అదంతా అడిగాను. మాధవి ఒక్కొక్కటీ దాచకుండా చెప్పింది. ఈ ఇంట్లో ఇప్పుడు మాట్లాడనివాళ్లు ఎవరూ లేరు, గిన్నె వాయించే ఆ పిల్లతో సహా.

"బిడ్డకు ఏమని చెప్తున్నారు?" అని అడిగాను.

"ఇప్పుడే ఏం అర్థమవుతాదని మేడమ్, అయినా చెప్తానే ఉండా. పండుకునేటప్పుడు రోజూ ఒకే కథ. ఒకమ్మ నిన్ను కనింది, ఈయమ్మ నీకోసం గాజులేసుకొని కూర్చుంది అని" అంది మాధవి.

లేవబోతుంటే సుబ్బరత్నమ్మ కాఫీ అంది. నాకు షుగర్ అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు గాని మంచినీళ్లే తెచ్చింది. నీళ్లు తాగుతుంటే మాధవి నా ఎదురుగా కింద కూర్చుంది. చేతులకు కాస్త నూనె రాసుకుని, గాజులు ఒక్కొక్కటే తీసి ఒడిలో వేసుకోవడం మొదలుపెట్టింది. జ్యోతి గరిటె పక్కన పెట్టి, ఆ గలగల వింటూ దగ్గరకు జరిగింది. ఒక్కటీ పగలకుండా అన్నీ తీసి, దోసిలి నిండా ఎత్తి నా ముందు పట్టింది.

"కాన్పయింది గదా" అంది. "ఇవి మంత్రసానికి చెందాల. తీసుకో అమ్మా."

అన్నాళ్లూ మేడమ్ అన్న పిల్ల. పెద్దాయన చెప్పిన మాట ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదని చెప్తే అబద్ధం అవుతుంది. గుర్తొచ్చింది. మాధవి చేతుల వైపు చూశాను. ఇన్నేళ్లు గాజులు ఉన్నచోట చర్మం తెల్లగా, మెత్తగా ఉంది.

నీళ్ల గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ చాపాను.